తలనొప్పి మందుతో తెచ్చుకున్న పేరు, తెలుగు జాతికి ధారపోసిన పేరు
దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఏ పల్లె కిరాణా కొట్టుకు వెళ్ళినా తలనొప్పి మందు కావలసినవారు అమృతాంజనం అనే అడుగుతారు. కొట్టు యజమాని ఇచ్చేది మరొక కంపెనీ మందు అయినా సరే, అడిగే పేరు మాత్రం మారదు. పొద్దంతా చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవారికి, రాత్రి షిఫ్టులో మరమగ్గాల చప్పుడు మధ్య నిలబడే కార్మికులకు, ఎండలో పసుపు తవ్వే కూలీలకు ఈ పేరు కొత్త కాదు. ఆ పేరు పుట్టి నూట ముప్పయి ఏళ్ళు దాటింది. దానిని పుట్టించిన వ్యక్తి కన్నుమూసి ఎనభై ఏళ్ళు దాటింది. మందు అందరికీ తెలుసు. మనిషి మాత్రం ఈ తరంలో చాలామందికి తెలియదు.

ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆయన మందు తయారుచేశారు, పత్రిక నడిపారు, పుస్తకాలు అచ్చువేశారు, జైలుకు వెళ్ళారు. వ్యాపారి పేరు ఒక ఆస్తి అని తెలుగువారిలో ముందుగా గ్రహించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ ఆస్తిని ఎలా కూడబెట్టారో, కూడబెట్టిన తర్వాత దానిని దేనికి ఖర్చుచేశారో తెలుసుకోవడం, సరుకు తయారుచేసి కూడా పేరు లేక నష్టపోతున్న మన ప్రాంతం వారికి ఎంతైనా అవసరం.

పుట్టుక, చదువు

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లాలో, గుడివాడ ప్రాంతంలోని ఒక పల్లెలో జన్మించారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. మొదటి చదువు సొంత ఊరి పరిసరాలలోనూ, మచిలీపట్నంలోనూ సాగింది. తర్వాత మద్రాసు వెళ్ళి క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు.

ఆ రోజుల్లో బి.ఏ. ప్యాసయిన వాడికి సర్కారు కొలువు చేతికందేంత దూరంలో ఉండేది. తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా చేరినా చాలు, ఊళ్ళో గౌరవం, నెల నెలా జీతం, చివర పింఛను. చదువుకున్న బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు సాధారణంగా నడిచిన బాట అదే. వ్యాపారం చేయడమంటే చదువు దండుగ చేసుకున్నట్లు లెక్క. ఆయన మనసు మాత్రం ఆ బాట మీద నిలవలేదు. కందుకూరి వీరేశలింగం పంతులు వివేకవర్ధని పత్రికలో వ్రాసిన వ్యాసాలు ఆయనను చిన్ననాడే ఆకట్టుకున్నాయి. ఒక మనిషి చేతిలో పత్రిక ఉంటే సంఘాన్ని ఎంతగా కదిలించవచ్చో ఆయన అప్పుడే చూశారు. అయితే పత్రిక నడపాలంటే సొమ్ము కావాలి. ఆ సొమ్ము ఇంకొకరి దయతో వస్తే కలం స్వేచ్ఛగా కదలదు. ఆ మాట ఆయన ఎక్కడా ప్రకటించకపోయినా, తర్వాత చేసిన పనులన్నీ అదే చెబుతాయి.

బొంబాయి దారి

మద్రాసులో చిన్న వ్యాపారం ప్రయత్నించి, అక్కడి నుంచి కలకత్తా వెళ్ళి మందుల వ్యాపారంలో మెలకువలు నేర్చుకుని, చివరికి బొంబాయి చేరారు. అక్కడ ఒక యూరోపియన్ వ్యాపార సంస్థలో ఉద్యోగానికి కుదిరారు. సరుకు ఎక్కడ కొంటారు, ఎలా నిలవచేస్తారు, ఏ ఊరికి ఎలా పంపుతారు, బాకీలు ఎలా వసూలు చేస్తారు అన్న సంగతులన్నీ అక్కడ ఆకళింపు చేసుకున్నారు.

బొంబాయి మాట వస్తే మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అన్న నానుడి పుట్టింది ఈ నేలమీదే. ఆనాటికే నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వెళ్ళిన కూలీలు ఆ నగరంలో మేడలు కట్టారు, రోడ్లు వేశారు. వారిని అక్కడివారు కామాఠీలు అని పిలిచేవారు. వారు నివసించిన పేటకే కామాఠీపుర అన్న పేరు నిలిచిపోయింది. బట్టల మిల్లులు పెరిగిన తర్వాత పద్మశాలి కుటుంబాలు బొంబాయికి, షోలాపూరుకు, భీవండికి వలసపోయాయి. వీరు చెమట అమ్ముకోవడానికి వెళ్ళిన ఊరికే కృష్ణా జిల్లా పంతులుగారు సరుకు అమ్మడానికి వెళ్ళారు. చెమటకు పేరు రాదు, సరుకుకు పేరు పెట్టవచ్చు. తేడా అంతా అక్కడే వచ్చింది.

మందు, దాని పేరు

1893లో ఆయన బొంబాయిలో సొంతంగా అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్ళు.

ఆ కాలంలో తలనొప్పికి వేసుకునే మాత్రలు ఇప్పటిలా ఊరూరా లేవు. ఆస్ప్రిన్ అన్న మాత్ర జర్మనీలో అమ్మకానికి వచ్చిందే 1899లో. పల్లెల్లో శొంఠి పట్టు వేసేవారు, గుడ్డ బిగించి కట్టుకునేవారు. పట్టణాల్లో సీమ నుంచి ఓడల మీద వచ్చిన మందులు ఉండేవి కాని, వాటి పేర్లు నోరు తిరగనివి, ధరలు అందనివి. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని నాగేశ్వరరావు చూశారు.

ఇలాంటి లేపనాలలో కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, ఘాటైన ఆకు నూనెలు ఉంటాయి. నుదుటికి రాసినప్పుడు పిప్పరమెంటు చల్లదనం కలిగిస్తుంది, కొన్ని నూనెలు వెచ్చదనం పుట్టిస్తాయి. ఆ చలువ, ఆ మంట కలిసి నొప్పి మీది నుంచి ధ్యాస మళ్ళిస్తాయి. అందువల్ల ఉపశమనం కలుగుతుంది. నొప్పికి మూలమైన జబ్బును ఇది పోగొట్టదు. కర్పూరం ఉన్న మందును నోట్లోకి పోనీయరాదు, కంటికి తగలనీయరాదు, పసిపిల్లలకు రాయరాదు.

మందులో ఏముందన్నది ఒక ఎత్తు, దానికి పెట్టిన పేరు మరొక ఎత్తు. అమృతం అన్న మాట తెలుగువారికి, మరాఠీవారికి, గుజరాతీవారికి, తమిళులకు, బెంగాలీలకు అందరికీ తెలుసు. అంజనం అన్నదీ అంతే. చదువు రాని వాడు కూడా ఒకసారి వింటే మరచిపోడు. అంజనం అంటే కాటుక అని అర్థం ఉన్నా, పూసుకునేది అన్న భావంతో జనం దానిని స్వీకరించారు. గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆయన మందుకు తన పేరు పెట్టుకోలేదు. తన ఇంటిపేరూ పెట్టలేదు. అయినా కొన్నేళ్ళు తిరిగేసరికి జనం మందును చూస్తే మనిషిని, మనిషిని చూస్తే మందును తలచుకోసాగారు.

సీసా పట్టుకుని తిరిగిన రోజులు

కొత్త మందును ఎవరూ అడిగి కొనరు. ముందు వాడి చూడాలి. వాడాలంటే ఎవరో ఒకరు చేతిలో పెట్టాలి. పంతులుగారు సంగీత కచేరీలు జరిగే చోట్ల అమృతాంజనాన్ని ఉచితంగా పంచేవారని ప్రసిద్ధి. ఆలోచిస్తే ఆ చోటు ఎంపికలోనే వ్యాపారి తెలివి కనిపిస్తుంది. కచేరీ గంటల తరబడి సాగుతుంది. జనం కిక్కిరిసి కూర్చుంటారు. గాలి ఆడదు, తల పట్టేస్తుంది. ఆ సమయంలో పక్కవాడు నుదుటికి రాసుకున్న మందు వాసన నాలుగు వరుసల దాకా పోతుంది. ఒక్క సీసా పది మందికి కబురు చేరవేస్తుంది. వచ్చినవారు నాలుగు డబ్బులు ఖర్చుపెట్టగలవారు, ఊళ్ళో నలుగురు మాట వినేవారు.

అయితే ఉచితంగా పంచినంత మాత్రాన పేరు నిలవదు. రెండోసారి కొన్నవాడికి మొదటిసారి దొరికినదే దొరకాలి. అదే వాసన, అదే పసుపు రంగు, అదే ఘాటు ఉండాలి. ఒకసారి బాగుండి మరొకసారి పలచబడితే జనం నమ్మకం పోతుంది. అమృతాంజనం తరాల తరబడి చూడగానే గుర్తుపట్టేలా ఉండడం కాకతాళీయం కాదు.

అప్పటికి చట్టం అండ కూడా అంతంతమాత్రమే. సరుకుల మీద తప్పుడు గుర్తులు వేయడాన్ని శిక్షించడానికి 1889లో ఒక చట్టం వచ్చింది కాని, వ్యాపార చిహ్నాన్ని రిజిస్టరు చేసుకునే చట్టం మన దేశంలో 1940 దాకా రాలేదు. అంటే నాగేశ్వరరావు బతికి ఉన్నంతకాలం తన మందు పేరును రిజిస్టరు చేసుకునే ఏర్పాటే దేశంలో లేదు. నకిలీ చేసిన వాడి మీద కోర్టుకు పోవచ్చు, కాని అది ఖర్చు, కాలయాపన. కొనేవాడి కన్ను, నాలుక మీది మాట, ఈ రెండే ఆయనకు అసలు కాపలా. వాటిని కాపాడుకోవడానికి సరుకును కాపాడుకోవడం తప్ప మరో మార్గం లేదు.

1905లో బెంగాల్ విభజన జరిగింది. విదేశీ సరుకు మానండి, స్వదేశీ సరుకు కొనండి అన్న పిలుపు దేశమంతా వ్యాపించింది. స్వదేశీ పేరుతో, స్వదేశీ చేతులతో తయారైన మందుకు ఆ గాలి కలిసివచ్చింది. మందు ద్వారా ఆయన లక్షలు ఆర్జించారు.

లాభం పత్రికగా మారింది

లక్షలు ఆర్జించిన వ్యాపారి మేడలు కడతాడు, పొలాలు కొంటాడు. పంతులుగారు పత్రిక పెట్టారు. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన వెళ్ళారు. మితవాదులు, అతివాదులు చీలిపోయిన సభ అది. దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువాడికి తెలుగులో చెప్పే పత్రిక చాలినంత లేదన్న చింత ఆయనకు పట్టుకుంది. మరుసటి సంవత్సరం, 1908 సెప్టెంబరులో, బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు దేశానికి అంత దూరాన, మరాఠీ గుజరాతీ నగరంలో తెలుగు అక్షరాలు కూర్చి పత్రిక అచ్చువేయడం సాహసమే.

1914 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడసాగింది. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. యుద్ధ వార్తల కోసం ఊరి రచ్చబండ దగ్గర ఒకరు చదువుతుంటే పదిమంది వినే అలవాటు ఆ రోజుల్లోనే బలపడింది. 1924లో భారతి అన్న సాహిత్య మాసపత్రికను ప్రారంభించారు. కథ, పద్యం, చరిత్ర పరిశోధన, శాసనాలు అన్నింటికీ భారతి వేదిక అయింది. భారతిలో అచ్చయిందంటే రచయితగా నిలబడినట్లేనని తెలుగు రచయితలు రెండు మూడు తరాల పాటు భావించారు.

ఈ పత్రికలకు వెన్నుదన్ను అమృతాంజనం లాభమే. మందు పత్రికను పోషించింది. పత్రిక ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. ఆ పేరు మళ్ళీ మందు మీద నమ్మకాన్ని పెంచింది. ఒక చక్రం మరొక చక్రాన్ని తిప్పినట్లు ఈ రెండూ సాగాయి.

సముద్రం అవతల ఇలాంటి వ్యాపారి మరొకరున్నారు. తెలుగు కూలీలు వేలాదిగా వలసపోయిన రంగూన్ పట్టణంలో చైనా సంతతికి చెందిన ఆ కుటుంబం ఒక లేపనం తయారుచేసింది. ఆ ఇంటి కొడుకు ఆ బూన్ హా దానికి టైగర్ బామ్ అని పేరు పెట్టి, పులి బొమ్మతో ఆసియా అంతటా అమ్మారు. ఆయన కూడా పత్రికలు స్థాపించారు. 1929లో సింగపూర్‌లో చైనా భాషలో దినపత్రిక పెట్టారు. ఇద్దరూ చిన్న సీసాతో పేరు తెచ్చుకున్నవారే, ఇద్దరూ పత్రిక బలం తెలిసినవారే. నాగేశ్వరరావు మాత్రం పత్రికను ఆయన కన్నా ముందే ప్రారంభించారు.

పేరును పణం పెట్టిన వేళ

వ్యాపారి రాజకీయాల జోలికి పోరాదని పెద్దలంటారు. ఎందుకంటే అందరూ కొనేవారే. ఒకరి పక్షం వహిస్తే రెండోవారు దూరమవుతారు. పైగా అది ఆంగ్లేయ ప్రభుత్వ కాలం. 1910 నాటి ప్రెస్ చట్టం ప్రకారం పత్రికల వారి దగ్గర ధరావతు సొమ్ము కోరే అధికారం, ఆ సొమ్మును జప్తు చేసే అధికారం ప్రభుత్వానికి ఉండేది. అచ్చు యంత్రం ఉన్నవాడికి కత్తి మీద సామే. మందు కార్ఖానా కూడా ఉన్నవాడికి రెండు వైపులా భయమే.

పంతులుగారు ఆ లెక్క వేసుకోలేదు. జాతీయోద్యమంలో ముందు నిలిచారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులయ్యారు. గాంధీజీ పిలుపు మేరకు ఉప్పు సత్యాగ్రహ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. లక్షాధికారి, ముసలితనం మీద పడినవాడు, జైలులో కాలక్షేపానికి ఎంచుకున్న పని భగవద్గీతకు వ్యాఖ్య వ్రాయడం.

దీనివల్ల ఆయన పేరు తగ్గలేదు, పెరిగింది. ఉద్యమానికి చందా అడగవచ్చినవారికి, పుస్తకం అచ్చువేయించుకోలేని పండితుడికి, గ్రంథాలయం పెట్టుకోదలచిన పల్లె యువకులకు ఆయన గుమ్మం తెరిచే ఉండేది. గాంధీజీ ఆయనను విశ్వదాత అన్నారు. ప్రజలు దేశోద్ధారక అన్న బిరుదు ఇచ్చుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణతో సత్కరించింది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా మందు సీసా మీద అచ్చువేసుకునేది కాదు. కాని సీసా కొనేవాడి మనసులో ఆ మూడూ ఉండేవి.

పాలకురికి సోమన గ్రంథం

తెలంగాణ ప్రజలు ఆయనకు ప్రత్యేకంగా ఋణపడిన సంగతి ఒకటుంది. 1926లో ఆయన ఆంధ్ర గ్రంథమాల స్థాపించారు. మంచి గ్రంథాలను తక్కువ ధరకు జనానికి అందించాలన్నది ఆశయం. ఆ మాలలో వెలువడిన వాటిలో పాలకురికి సోమనాథుని బసవపురాణం ఒకటి. వేటూరి ప్రభాకరశాస్త్రి దానిని పరిష్కరించి విపులమైన పీఠిక వ్రాశారు. సోమన మన ఓరుగల్లు సీమ కవి. చాకలి, కుమ్మరి, బోయ భక్తుల కథలను జాను తెనుగులో ద్విపదగా చెప్పినవాడు. ఆ గ్రంథం సుపరిష్కృతంగా అచ్చయి పండితులను, పాఠకులను చేరడంలో తలనొప్పి మందు లాభానికి వాటా ఉందంటే అతిశయోక్తి కాదు.

కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంగతీ అంతే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడడంలో ముఖ్య పాత్ర వహించినవారు లక్ష్మణరావు. సర్వస్వం పని పూర్తికాకముందే 1923లో ఆయన కన్నుమూశారు. ఆగిపోయిన ఆ పనిని నాగేశ్వరరావు తిరిగి చేపట్టి సంపుటాలు వెలువరించారు. నిజాం రాజ్యంలో కచ్చేరీ భాష, పై చదువుల భాష ఉర్దూగా ఉన్న ఆ కాలంలో తెలుగులో శాస్త్ర విషయాలు చదవదలచినవారికి ఇలాంటి గ్రంథాలే దిక్కు.

శ్రీబాగ్ ఇంట్లో ఒప్పందం

1914లో అమృతాంజనం సంస్థ బొంబాయి నుంచి మద్రాసుకు తరలివచ్చింది. మైలాపూరు దగ్గరి లజ్ ప్రాంతంలో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ ఉండేది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను విడదీసి ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచాలన్న ఉద్యమం 1937 నాటికి చాలాకాలంగా సాగుతున్నది. అయితే రాయలసీమ నాయకులకు అనుమానాలున్నాయి. చదువులోనూ, నీటి వసతిలోనూ ముందున్న కోస్తా జిల్లాల వారు రాష్ట్రం వచ్చాక తమను చిన్నచూపు చూస్తారేమోనని వారి భయం.

ఆ భయం తీర్చడానికి రెండు ప్రాంతాల పెద్దలు 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో సమావేశమై ఒప్పందానికి వచ్చారు. సీమకు సాగునీటిలో ప్రాధాన్యం, విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టులలో ఒకటి కోరుకునే అవకాశం వంటివి అందులోని ముఖ్యాంశాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడం వెనుక ఆ ఒప్పందం ఉంది. అందులోని మాటలు ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నది నేటికీ తెగని తగవు. ఒకరినొకరు నమ్మని రెండు పక్షాలు ఒక ఇంట్లో కూర్చున్నాయంటే, ఆ ఇంటి యజమాని మీద ఇద్దరికీ నమ్మకం ఉండాలి. నాలుగున్నర దశాబ్దాలు సీసా సీసాగా కూడబెట్టిన పేరు ఆనాడు ఆ విధంగా అక్కరకు వచ్చింది.

పోయినదేది, నిలిచినదేది

శ్రీబాగ్ ఒప్పందం జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు పంతులు కన్నుమూశారు. ఆయన తర్వాత పత్రికల బాధ్యతను, మందు సంస్థ బాధ్యతను అల్లుడు శివలెంక శంభుప్రసాద్ స్వీకరించి చాలాకాలం నడిపారు. మద్రాసులో లజ్ ప్రాంతంలోని ఒక ఉద్యానవనానికి పంతులుగారి పేరు పెట్టారు. నేటికీ చెన్నై వాసులు నాగేశ్వరరావు పార్కులో ఉదయం నడకకు వస్తారు. వారిలో ఆయన ఎవరో ఎరిగినవారు తక్కువే.

కాలం ఆయన పనులలో కొన్నింటిని నిలిపింది, కొన్నింటిని నిలపలేదు. ఆయన ప్రాణంగా చూసుకున్న ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. భారతి కూడా ఆ కాలంలోనే ఆగిపోయింది. ఏ పత్రిక కోసం మందు అమ్మారో ఆ పత్రిక పోయింది, మందు మిగిలింది. అమృతాంజన్ హెల్త్ కేర్ అన్న పేరుతో ఆ కంపెనీ చెన్నై కేంద్రంగా ఈనాటికీ నడుస్తున్నది. లేపనంతో పాటు ఇతర సరుకులూ అమ్ముతున్నది. పత్రిక పోయినా అది తయారుచేసిన పాఠకులు, రచయితలు, అచ్చువేసిన గ్రంథాలు మిగిలాయి కాబట్టి లెక్క పూర్తిగా నష్టం కాదు.

మన సరుకుకు పేరేది

పంతులుగారి కథ చదివిన తర్వాత మన ప్రాంతం వైపు చూస్తే ఒక సంగతి మనసుకు తగులుతుంది. సిరిసిల్లలో వేల మరమగ్గాలు నేసిన పాలిస్టర్ బట్టలో ఎక్కువ భాగం తెల్లబట్టగానే బయటి వ్యాపారుల చేతికి పోతూ వచ్చింది. రంగు, అద్దకం, మడత, చివర పేరు, అన్నీ మరోచోట పడతాయి. నేసిన ఊరి పేరు అంచు మీద ఉండదు. కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి రైతుల పసుపు నిజామాబాదు మార్కెట్టుకు బస్తాలలో పోయి, తర్వాత ఎవరి పొట్లంలోనో ఎవరి పేరుతోనో తిరిగి మన కొట్లకే వస్తుంది. జగిత్యాల మామిడి ఉత్తరాది నగరాలకు లారీలలో పోతుంది, అక్కడ తినేవాడికి అది ఎక్కడిదో తెలియదు. బీడీ కట్ట మీద కంపెనీ బొమ్మ ఉంటుంది కాని, చుట్టిన చేతికి వెయ్యి బీడీల లెక్కన వచ్చే కూలి తప్ప మరేమీ ఉండదు.

పేరు లేని సరుకుకు ధర చెప్పే హక్కు ఉండదు. కొనేవాడు చెప్పిందే ధర. బేరం లేనినాడు మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగి, అప్పు పెరిగి, సిరిసిల్లలో ఎందరు నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారో ఈ ప్రాంతం మరచిపోలేదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు పని కల్పించాయి. ఆర్డరు ఆగినప్పుడు మళ్ళీ అదే గండం ఎదురైంది. ప్రభుత్వ ఆర్డరు ఆసరా అవుతుంది కాని, అది సొంత పేరు కాజాలదు.

ఆశ లేకపోలేదు. మెట్‌పల్లి ఖాదీ అన్న మాటకు చాలాకాలంగా విలువ ఉంది. ఇటీవలి సంవత్సరాలలో రాజన్న సిరిపట్టు పేరుతో సిరిసిల్ల చీర బయటి దేశాల దాకా వెళ్ళింది. కరీంనగర్ వెండి నగిషీకి, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. పంతులుగారి కాలంలో లేని చట్టం ఇప్పుడుంది. 1999 నాటి చట్టం కింద ఒంటరి వ్యక్తి గాని, చిన్న పరిశ్రమ గాని తన సరుకు పేరును రిజిస్టరు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతి సరుకుకు రుసుము 4,500 రూపాయలుగా 2017లో నిర్ణయించారు. రిజిస్టరయిన పేరు పదేళ్ళ పాటు చెల్లుతుంది, ఆపైన తిరిగి పొడిగించుకోవచ్చు.

అయితే కాగితం మీది రిజిస్ట్రేషన్ పేరును కాపాడుతుందే తప్ప పుట్టించదు. నాగేశ్వరరావు పంతులు పేరు పుట్టించినది నాలుగు పనులతో. అందరి నోట పలికే మాటను ఎంచుకోవడం, కొనకముందే చేతిలో పెట్టి చూపించడం, మొదటి సీసాకు నూరవ సీసాకు తేడా రానీయకపోవడం, వచ్చిన లాభంలో ఊరికి వాటా ఇవ్వడం. ఇందులో మొదటి మూడింటిని మంచి వ్యాపారి ఎవరైనా చేస్తాడు. నాలుగవది చేసినందువల్లనే మందు అమ్మిన మనిషిని తెలుగువారు దేశోద్ధారక అని పిలుచుకున్నారు.